పీఆర్‌లో ఎక్కడ చేరాలి? ఏజెన్సీ, కంపెనీ, సర్కారు కొలువు, సినిమా: ఒక పోలిక

పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్, అంటే పౌర సంబంధాలు)లోకి వద్దామనుకునే పిల్లలు నన్ను మొదట అడిగేది జీతం ఎంత వస్తుందని. ఆ తర్వాత, ఏ కోర్సు చేస్తే మంచిదని. రెండూ అడగాల్సినవే. కానీ ఎక్కడ చేరాలో తేల్చుకోలేక తిప్పలు పడుతున్నవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇంకోటి. చెడ్డ కబురు వచ్చిన రోజున ఆ సంస్థలో మీకు నిజం ఎవరు చెబుతారు, ఎంతసేపటికి చెబుతారు? అది కనుక్కుని చేరండి.

నాకిది దెబ్బ తిన్నాకే తెలిసింది. పీఆర్ ఏజెన్సీలో, అంటే వేరే కంపెనీల తరఫున పత్రికలతో మాట్లాడే సంస్థలో, నా మూడో ఏడాది. ఒక క్లయింట్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. మధ్యాహ్నం రెండింటికి వాళ్ల మేనేజర్ ఫోన్ చేసి, "చిన్న మంటే. మా ఉద్యోగులెవరికీ ఏం కాలేదు. అలాగే వచ్చేట్టు చూడండి" అన్నాడు. నేను ప్రెస్ నోట్ రాసి పంపి, తెలిసిన రిపోర్టర్లందరికీ ఫోన్ చేసి అదే చెప్పాను. ఐదున్నరకు వాళ్లలో ఒకాయన నాకు ఫోన్ చేశాడు. ఆస్పత్రి క్యాజువాలిటీ బయట నిలబడి ఉన్నాడు. వెనక స్ట్రెచర్ చక్రాల చప్పుడు నాకు వినపడుతోంది. "కాలిన గాయాలతో ఇద్దరున్నారు ఇక్కడ. మీరేమో ఎవరికీ ఏం కాలేదన్నారు" అని పెట్టేశాడు. ఆ ఇద్దరూ కాంట్రాక్టు కార్మికులు. కంపెనీ లెక్కలో వాళ్లు "మా ఉద్యోగులు" కారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రిపోర్టర్ మళ్లీ నా ఫోన్ ఎత్తడానికి ఏడాది పట్టింది. ఆయన కోపం న్యాయమైనదే.

అందుకే కింది పోలికలో ఆ ప్రశ్ననే ముందు పెట్టాను.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, నిజానికి మీ కుర్చీ ఎంత దగ్గర. నిర్ణయాలు జరిగే గదిలో మీకు చోటుందా, లేక జరిగిపోయాక మెయిల్‌లో తెలుస్తుందా?

రెండోది, రాత. పీఆర్‌లో చివరి వరకూ మిమ్మల్ని నిలబెట్టేది రాతే. మాటకారితనంతో మొదటి ఉద్యోగం వస్తుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మనవాళ్లు అంటారు గానీ, ఈ పనిలో నోటి కంటే చెవి, చెవి కంటే చెయ్యి ముఖ్యం. రోజూ ఏదో ఒకటి రాసి, దాన్ని దిద్దేవాళ్లు పక్కనే ఉండే చోటు దొరికితే అదృష్టం.

మూడోది డబ్బు వచ్చే తీరు: నెల జీతమా, స్కేలా, సినిమాకింతనా, ఎన్నికల దాకానా? నాలుగోది వేళలు. పత్రికల గడియారం సాయంత్రం నుంచి పరుగెడుతుంది, మీ ఇంటి గడియారం అప్పుడే ఆగుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఐదోది తెలుగు. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. పెద్ద కంపెనీల ప్రెస్ నోట్లు ఎక్కువగా ముంబైలోనో బెంగళూరులోనో ఇంగ్లిష్‌లో పుడతాయి. హైదరాబాద్ చేరేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. ఎవరో గబగబా తెలుగు చేస్తారు. ఈ మధ్య ఆ పని మెషీనే చేసి పెడుతోంది. ఒకసారి మా టీమ్ పంపిన నోట్‌లో "10 మిలియన్" అన్నచోట "10 లక్షలు" అని వెళ్లిపోయింది. 10 మిలియన్ అంటే కోటి. నేను చూసేసరికి రెండు పత్రికలకు మెయిల్ వెళ్లిపోయింది. ఒక డెస్క్‌లో సబ్ ఎడిటర్ పట్టుకుని ఫోన్ చేశాడు. ఇంకో దాంట్లో 10 లక్షలే అచ్చయింది. ఆ పూట మా ఆఫీసులో ఎంబీఏలు నలుగురున్నారు, తెలుగు నోట్‌ను పైనుంచి కిందిదాకా చదివినవాళ్లు ఒక్కరూ లేరు. తెలుగు మీడియంలో చదివామని మొహమాటపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకుని, డెస్క్ మార్చనక్కర్లేని తెలుగు రాయగలవాళ్లకు ఈ రంగంలో ఎప్పుడూ కరువే.

## ఒక చూపులో

| | నిజానికి దగ్గర | రాత నేర్పు | డబ్బు | వేళలు | తెలుగు విలువ |
|---|---|---|---|---|---|
| ఏజెన్సీ | దూరం; క్లయింట్ చెప్పినంతే | చాలా ఎక్కువ | మొదట్లో తక్కువ, చోటు మారితే పెరుగుతుంది | ఉదయం 8 నుంచి కవరేజ్ ముగిసే దాకా | ఎక్కువ, గుర్తింపు తక్కువ |
| కంపెనీ | బాస్‌ను బట్టి | మధ్యస్థం | ఏజెన్సీ కంటే మెరుగు | మామూలు రోజుల్లో నయం | సంస్థను బట్టి |
| ప్రభుత్వం | దగ్గర, కానీ చెప్పే అధికారం పైవాళ్లది | ఎక్కువ, ఒకే మూసలో | స్కేలు, భద్రత | పర్యటనలు, వరదలు, ఎన్నికలప్పుడు వేళ లేదు | అన్నిటికంటే ఎక్కువ |
| సినిమా, రాజకీయం | మనిషిని బట్టి | తక్కువ | పనికింత | రాత్రీ పగలూ ఒకటే | ఎక్కువ |

పట్టికలో చెప్పలేనివి చాలా ఉన్నాయి. అవి కింద.

## ఏజెన్సీ

ఒక్కో మనిషి నలుగురైదుగురు క్లయింట్లను చూస్తాడు. పొద్దున ఆస్పత్రి, మధ్యాహ్నం రియల్ ఎస్టేట్, సాయంత్రం స్టార్టప్. పేపర్లు, వెబ్‌సైట్లు తిరగేసి ఎవరి వార్త ఎక్కడ పడిందో చూడటంతో రోజు మొదలవుతుంది. తర్వాత నోట్లు, మీడియా లిస్టులు, రిపోర్టర్లకు ఫోన్లు, ప్రెస్ మీట్‌కు సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లోనో హోటల్లోనో హాలు. నెలాఖరుకు కవరేజ్ రిపోర్టు. క్లయింట్ నెల నెలా ఇచ్చే రిటైనర్ మీదే ఏజెన్సీ నడుస్తుంది కాబట్టి, ఆ రిపోర్టు మందంగా కనిపించాలనే టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది.

ఈ టెన్షన్‌లోంచే ఒక చెడ్డ అలవాటు పుట్టింది. వార్త పడిన జాగాను సెంటీమీటర్లలో కొలిచి, అంత జాగాలో ప్రకటన వేస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి, "ఇన్ని లక్షల విలువైన కవరేజ్" అని చూపిస్తారు. ఈ లెక్క పీఆర్ విలువ కాదని ఈ రంగంలో కొలతలు చూసే నిపుణులు 2010లోనే బార్సిలోనాలో కూర్చుని తేల్చారు. ఆ సూత్రాలను బార్సిలోనా పేరుతోనే పిలుస్తారు. అయినా చాలామంది క్లయింట్లు ఇప్పటికీ అదే అడుగుతారు. ఇంటర్వ్యూలో "మీరు కవరేజ్‌ను ఎలా లెక్కిస్తారు?" అని అడిగి చూడండి. జవాబులో ఆ ఏజెన్సీ స్థాయి తెలిసిపోతుంది.

ఏజెన్సీ బలం నేర్పడంలో ఉంది. రెండేళ్లలో పది రకాల వ్యాపారాల గురించి రాస్తారు. ఏ రిపోర్టర్ ఏ రంగం వార్తలు (బీట్) చూస్తాడో, ఎవరికి ఏ వేళ ఫోన్ చెయ్యకూడదో తెలుస్తుంది. జిల్లా పేజీలు మెయిన్ పేజీల కంటే ముందే ముగిసిపోతాయి. సాయంత్రం ఏడుకు పంపిన కరీంనగర్ వార్త రేపటికి పాతబడుతుంది. ఇది ఏ క్లాసులోనూ చెప్పరు.

బలహీనత నేను మొదట్లో చెప్పిందే. నిజం మీ దగ్గరికి వచ్చేసరికి మూడు చేతులు మారుతుంది. అందుకే ఏజెన్సీలో ఉన్నన్నాళ్లూ ఒక నియమం పెట్టుకోండి: ప్రమాదం జరిగిన రోజున "ఎవరికీ ఏం కాలేదు" అన్న వాక్యాన్ని మీ కళ్లతో చూడకుండా, లేదా పేరున్న బాధ్యుడు రాసివ్వకుండా ఎవరికీ చెప్పకండి. "మా ఉద్యోగులు" అంటే ఎవరెవరని ఎదురు అడగండి. అడిగినందుకు క్లయింట్ చిరాకుపడితే పడనివ్వండి.

## కంపెనీలో కార్పొరేట్ కమ్యూనికేషన్స్

హైదరాబాద్‌లో ఈ ఉద్యోగాలు ఎక్కువగా ఫార్మా, ఆస్పత్రులు, ఐటీ, రియల్ ఎస్టేట్‌లో ఉంటాయి. ఒకే సంస్థ, ఒకే కథ. పత్రికల పని సగమైతే, మిగతా సగం లోపలి పని: ఉద్యోగులకు సీఈఓ రాసే ఉత్తరం, వార్షిక నివేదిక, సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కార్యక్రమాలు, సోషల్ మీడియా.

స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలో చేరేవాళ్లు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలను వర్ణమాలలా నేర్చుకోవాలి. బోర్డు సమావేశంలో తీసుకున్న ముఖ్యమైన నిర్ణయాన్ని సమావేశం ముగిసిన 30 నిమిషాల్లో ఎక్స్ఛేంజీలకు తెలపాలి. ట్రేడింగ్ వేళలు దాటాక ముగిస్తే 3 గంటలు గడువు. ఎక్స్ఛేంజీకి చేరకముందు మీ స్నేహితుడైన రిపోర్టర్‌కు చెవిలో చెబితే అది చనువు అనిపించుకోదు, నేరం అవుతుంది. మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలకు ఇంకో భారం ఉంది. షేరు ధరను గట్టిగా కదిపిన పుకారు పత్రికల్లో వస్తే 24 గంటల్లో అవునో కాదో చెప్పాలి, లేదా వివరణ ఇవ్వాలి. 2024 జూన్ నుంచి మొదటి 100 కంపెనీలకు, డిసెంబరు నుంచి 250కి ఇది వర్తిస్తోంది. "నో కామెంట్" అని తప్పించుకునే పాత అలవాటు ఆ కంపెనీల్లో ఇక సాగదు. నాకైతే ఇది మన వృత్తికి జరిగిన మంచి. పీఆర్ మనిషిని గదిలోకి పిలవక తప్పని పరిస్థితి చట్టమే తెచ్చింది.

ఫలితాల సమాచారం మీ చేతికి ముందే వస్తుంది కాబట్టి, త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా ఆ కంపెనీ షేర్లు మీరు కొనకూడదు, అమ్మకూడదు. ఇంట్లోవాళ్లకూ ఈ సంగతి చెప్పి ఉంచండి.

అయితే గదిలో కుర్చీ ఉన్నంత మాత్రాన నిజమంతా తెలుస్తుందని కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ తన ఉత్తరంలో లెక్కలు తప్పని ఒప్పుకున్నప్పుడు, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ లెక్కలనే నమ్మి ప్రెస్ నోట్లు రాసినవాళ్లు ఎంతమందో! వాళ్ల తప్పేం లేదు. కానీ ఆ రోజు హైదరాబాద్‌లో ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేదు. కమ్యూనికేషన్స్ హెడ్ నేరుగా సీఈఓకు రిపోర్ట్ చేస్తారా, లేక మార్కెటింగ్ కిందా, హెచ్ఆర్ కిందా అని చేరేముందు అడగమనేది ఇందుకే. మార్కెటింగ్ కింద ఉంటే పీఆర్‌ను ఖర్చులేని ప్రకటనగా చూసే ప్రమాదం ఉంది.

ఫ్రెషర్‌గా నేరుగా ఇక్కడ చేరడానికి నేను తొందరపడమనను. ఒకే కంపెనీ, ఒకే టెంప్లేటు. రాతలో చెయ్యి తిరగకముందే హోదా వచ్చేస్తే తర్వాత కష్టం.

## ప్రభుత్వం

సమాచార పౌర సంబంధాల శాఖ అంటే చాలామందికి మాసబ్‌ట్యాంక్‌లోని సమాచార భవన్, జర్నలిస్టుల అక్రెడిటేషన్ కార్డులు గుర్తొస్తాయి. అసలు పని జిల్లాల్లో ఉంది. కలెక్టర్ సమీక్షలు, మంత్రుల పర్యటనలు, పథకాల ప్రచారం అన్నీ జిల్లా పౌర సంబంధాల అధికారి (డీపీఆర్ఓ) ఆఫీసు మీదుగానే పత్రికలకు చేరతాయి. ఈ నోట్లు మూసలో ఉంటాయని పెదవి విరిచేవాళ్లున్నారు. నిజమే, మామూలు రోజుల్లో ఉంటాయి.

కానీ వానాకాలంలో భద్రాచలం వైపు చూడండి. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. అలాంటి రాత్రి బయటికి వెళ్లే నోట్‌లో ఉండాల్సింది నాలుగు వాక్యాలే: గంట, అడుగులు, ఏ రోడ్డు మూసేశారు, ఏ స్కూల్లో పునరావాస కేంద్రం పెట్టారు. విశేషణాలు అక్కర్లేదు. రాత్రి 9 గంటల నీటిమట్టాన్ని 11 గంటలదిగా రాస్తే ఒక ఊరు రెండు గంటలు ఆలస్యంగా కదులుతుంది. మన వృత్తిలో ఒక ప్రెస్ నోట్ ప్రాణం కాపాడగలిగే చోటు ఇదొక్కటే అని నేను గట్టిగా నమ్ముతాను. జీతం, హోదా లెక్కలు వేసేటప్పుడు దీన్నీ తూకంలో వెయ్యండి.

దారి మాత్రం ఇరుకు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ, తెలంగాణలో టీజీపీఎస్సీ నోటిఫికేషన్లు తరచూ రావు. ఔట్‌సోర్సింగ్‌లో చేరే అవకాశాలుంటాయి, భద్రత ఉండదు. కేంద్రంలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ ఉంది. గ్రూప్ ఏ పోస్టులు సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా వస్తాయి, శిక్షణ ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ)లో. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో హైదరాబాద్ ఆఫీసులో కేంద్రం ప్రకటనలు తెలుగులోకి వచ్చే పని చూస్తే, అనువాదం ఎంత బాధ్యతో అర్థమవుతుంది. ఇవి కాక దక్షిణ మధ్య రైల్వే, ఆర్టీసీలు, సింగరేణి, టీటీడీ లాంటి సంస్థలకు సొంత పీఆర్ విభాగాలున్నాయి.

ఇక్కడ ఇచ్చిపుచ్చుకునేది ఏమిటంటే, మీకు నిజం తెలుస్తుంది గానీ చెప్పాలా వద్దా అన్నది మీ చేతిలో ఉండదు. ప్రభుత్వం మారితే నిన్నటి పథకం పేరు ఇవాళ మారుతుంది, మీరే రెండూ రాయాలి. దాన్ని మనసుకు పట్టించుకునే స్వభావం మీదైతే బాగా ఆలోచించుకోండి.

## సినిమా, రాజకీయం

ఈ రెండింటినీ కలిపి చెప్పడానికి కారణం, రెండూ మనిషిని నమ్ముకుని నడిచేవి. సినిమా పీఆర్ఓ పేరు పోస్టరు అడుగున పడుతుంది, ఆ ఆకర్షణ నాకూ తెలుసు. డబ్బు సినిమాకింత అని మాట్లాడుకుంటారు. సినిమా ఆడకపోతే చివరి వాయిదా ఎప్పుడొస్తుందో చెప్పలేం. బి.ఎ. రాజు గారు సినీ పాత్రికేయుడిగా ఉంటూ, "సూపర్ హిట్" పత్రిక నడుపుతూ ఎన్నో సినిమాలకు పీఆర్ఓగా పనిచేశారు. ఆ తరంలో పత్రిక, పరిశ్రమ కలిసే ఉండేవి. ఇప్పుడు ఫస్ట్ లుక్ ఉదయం 10:08కి అంటే 10:08కే అన్ని ఖాతాల్లోంచి వెళ్లాలి. పని సగం డిజిటల్ టీమ్‌ది.

రాజకీయ ప్రచార సంస్థల్లోకి మన కుర్రాళ్లు పెద్దఎత్తున వెళ్లడం 2019 ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీకి ఐప్యాక్ పనిచేసిన నాటి నుంచి బాగా పెరిగింది. ఊళ్లు తిరుగుతారు, జనం మాట వింటారు, ఆరు నెలల్లో ఆరేళ్ల అనుభవం వస్తుంది. ఫలితాల మర్నాడు టీమ్ ఉంటుందో లేదో తెలియదు. పాతికేళ్ల వయసులో, ఇంటి బాధ్యతలు లేకపోతే ఒకసారి చేసి చూడొచ్చు. అదే జీవితమనుకుంటే మాత్రం మీ పేరుకు ఒక రంగు అంటుకుంటుంది.

ఈ రెండు చోట్లా ప్రెస్ మీట్‌లో రిపోర్టర్లకు డబ్బు కవర్లు పంచే పని మీ నెత్తిన పడొచ్చు. మొదటిసారే "నేను చెయ్యను" అనండి. రెండోసారి అనడం కష్టం.

స్వచ్ఛంద సంస్థల్లో కూడా కమ్యూనికేషన్స్ పోస్టులుంటాయి. జీతాలు ఫండింగ్‌ను బట్టి. ఫీల్డ్‌కు వెళ్లి మనుషుల కథలు రాయాలన్న కోరిక ఉంటే చాలా మంచి చోటు.

## మీరెవరు?

జిల్లా నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడు లేదా అమ్మాయి, తెలుగు బాగా వచ్చు, ఇంగ్లిష్ మాట్లాడటానికి తడబడతారు: రెండేళ్లు ఏజెన్సీ. తెలుగు నోట్లన్నీ మీ చేతికి వస్తాయి, ఇంగ్లిష్ రోజూ చదవడం వల్ల దానంతటదే దారికొస్తుంది. ఉండేది అద్దె గది కాబట్టి మొదటి ఏడాది ఇంటినుంచి కొంత సాయం అవసరమవుతుందని ముందే చెప్పి రండి.

పత్రికలో ఎనిమిది, పదేళ్లు చేసి విసిగిన జర్నలిస్టు: మీరు ఏజెన్సీలో జూనియర్‌గా మొదలుపెట్టనక్కర్లేదు. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థలు మీలాంటివాళ్ల కోసం చూస్తాయి. మీకు వచ్చే చిక్కు వేరే. నిన్నటిదాకా ప్రశ్న మీది, ఇవాళ్టి నుంచి జవాబు మీది. పాత మిత్రులకు ఫోన్ చేసి "కాస్త వేయించు బాబూ" అని బతిమాలడం మొదలుపెడితే ఆరు నెలల్లో ఆ స్నేహాలు కరిగిపోతాయి. వార్త ఉంటేనే ఫోన్ చెయ్యండి.

ఎంబీఏ మార్కెటింగ్ చేసినవాళ్లు: కంపెనీ మీకు సహజం. కానీ మొదటి ఏడాది పట్టుబట్టి రాత పని అడిగి తీసుకోండి.

పిల్లల కోసం మధ్యలో ఉద్యోగం మానేసి మళ్లీ రావాలనుకునే ఆడవాళ్లు: ఆస్పత్రి, విశ్వవిద్యాలయం లాంటి చోట్ల వేళలు కొంత మెరుగు. ఏజెన్సీల నుంచి తెలుగు నోట్లు, అనువాదం ఇంటి దగ్గర చేసిచ్చే పనితో మొదలుపెట్టి మళ్లీ పేరు నిలబెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. పదానికింత అని కాకుండా నోట్‌కింత అని మాట్లాడుకోండి. దిద్దిన శ్రమ కూడా అందులో కలుస్తుంది.

సర్కారు కొలువే కావాలనేవాళ్లు: నోటిఫికేషన్ కోసం ఖాళీగా కూర్చోకండి. ఏదో ఒకచోట పనిచేస్తూ చదవండి. ఇంటర్వ్యూలో ఆ అనుభవమే మాట్లాడుతుంది.

## కోర్సుల మాట

ఉస్మానియా జర్నలిజం విభాగం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం మనకు దగ్గర్లో ఉన్న మంచి చోట్లు. ఢిల్లీ ఐఐఎంసీలో అడ్వర్టైజింగ్, పీఆర్‌కు విడిగా డిప్లొమా ఉంది. ఎక్కువ ఫీజు కట్టే ప్రైవేటు కోర్సైతే, చేరేముందు అక్కడ పాఠం చెప్పేవాళ్లలో ఇప్పటికీ నోట్ రాస్తున్నవాళ్లు ఎందరో చూసుకోండి. కోర్సు చెయ్యలేకపోయినా తలుపులు మూసుకుపోవు. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా హైదరాబాద్ చాప్టర్ సమావేశాలకు వెళ్తే ఈ పైన చెప్పిన అన్ని చోట్లవాళ్లూ ఒకే హాల్లో కనిపిస్తారు. ఏప్రిల్ 21న జాతీయ పీఆర్ దినోత్సవం జరుపుతారు. అప్పుడైతే కొత్తవాళ్లతో మాట్లాడటానికి పెద్దవాళ్లకు తీరిక ఉంటుంది.

ఆఫర్ చేతిలో పెట్టుకుని ఇంకా ఊగిసలాడుతుంటే, ఆ సంస్థలో కిందటి ఏడాది ఏదైనా ఇబ్బంది వార్త వచ్చిందేమో వెతకండి. వచ్చి ఉంటే ఇంటర్వ్యూ చివర్లో మర్యాదగా అడగండి: "సార్, ఆ రోజు మీ పీఆర్ టీమ్‌కు విషయం ఎన్నింటికి తెలిసింది?" గంటా నిమిషాలతో సహా చెప్పినవాళ్ల దగ్గర చేరండి. "అవన్నీ ఇప్పుడెందుకు" అన్నవాళ్ల దగ్గర, జీతం ఎక్కువైనా, నేను చేరమని చెప్పను.